తిరుపాలమ్మ ఇంటి రైఫిలుకు లైటు

కొండమిట్ట పురపాలక సంఘం వారు పలకల కాలనీలో ఇంటికో కుళాయి, ఇంటికో మరుగుదొడ్డి, ఇంటి మీదికి గురిపెట్టిన రైఫిలు ఒకటి చొప్పున మంజూరు చేసి మూడేళ్లు దాటింది. కుళాయిలో నీళ్లు రోజు మార్చి రోజు వస్తున్నాయి. మరుగుదొడ్లకు తలుపులు ఇంకా రావాల్సి ఉంది. రైఫిళ్లు మాత్రం మొదటి రోజు నుంచీ ఒక్క పూట ఆగకుండా పనిచేస్తున్నాయి. ప్రభుత్వం ఏ పనీ సరిగ్గా చెయ్యదని నోరు పారేసుకునేవాళ్లు ఒకసారి పలకల కాలనీకి వచ్చి చూసిపోతే బాగుంటుంది.

పథకం పేరు 'ఇంటింటికీ గురి'. ఇంటికి కీడు తలపెట్టేవాడు ఎవడైనా సరే, చివరికి ఆ ఇంటి దగ్గరికే రావాలి కదా. అందుకని రైఫిలును ఇంటి మీదికే గురిపెట్టి ఉంచితే వాడి కోసం ఊరంతా వెతికే పని తప్పుతుంది. ప్రారంభోత్సవం నాడు కమిషనరు గారు మైకులో ఈ మాట చెబితే జనం చప్పట్లు కొట్టారు. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్లూ మన బుర్రకెందుకు తట్టలేదా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వీటికోసం కొత్తగా స్తంభాలు కూడా పాతలేదు. కాలనీకి కరెంటు ఇస్తామని అంతకుముందెప్పుడో పాతినవే ఉన్నాయి. తీగలు రాలేదు గానీ స్తంభాలు దిట్టమైనవి. వాటికి నడుమెత్తున చెక్క అరుగు బిగించి, అరుగు మీద స్టాండు, స్టాండు మీద రైఫిలు, దాని వెనక స్టూలు మీద ఒక గురిగార్డును కూర్చోబెట్టారు. మూడేళ్లలో పేలింది ఒక్కసారే. అది కూడా వెనక వీధిలో, గార్డు చెయ్యి జారి. గోడకు బొక్క పడింది. మున్సిపాలిటీ వాళ్లు మర్నాడే మేస్త్రీని పంపితే, ఆ ఇంటావిడ వద్దని చెప్పి పంపేసింది. వంటింట్లోకి గాలి బాగా వస్తోందట.

తిరుపాలమ్మ ఇంటి మీదున్న గార్డు పేరు మాలకొండయ్య. నెమ్మదైన మనిషి. తిరుపాలమ్మ పలకల ఫ్యాక్టరీకి పోతూ "అన్నా, ఇల్లు చూస్తా ఉండు" అని చెప్పి పోయేది. "చూడక యాడికి పోతానమ్మా, దాని మీదే గదా నా చూపంతా" అనేవాడు ఆయన. మధ్యాహ్నానికి మజ్జిగ పొద్దున్నే ముంతలో పోసి ఇచ్చి పోయేది.

తిరుపాలమ్మకి ఉన్న దిగులల్లా కూతురు అంజని. పిల్ల పదో తరగతి. పగలు బడి, సాయంత్రం నీళ్లూ వంటా, పుస్తకం పట్టేసరికి పొద్దుగూకిపోతుంది. కొవ్వొత్తి వెలుగులో లెక్కలు చేసి మొదటి పరీక్షలో తప్పింది. ఫ్యాక్టరీలో తిరుపాలమ్మ పలకలు అరగదీసే బల్ల దగ్గర పక్క చోటు ఖాళీగా ఉంది. మేస్త్రీ అప్పటికే రెండుమార్లు అడిగాడు, పిల్ల ఎప్పుడొస్తుందని. పలకపొడి తిరుపాలమ్మ ఊపిరితిత్తుల్లో ఎంత పేరుకుందో ఆమె దగ్గే చెబుతుంది. ఆ బల్ల దగ్గరికి అంజని రాకూడదు. ఆమె దేవుణ్ణి కోరింది ఇదొక్కటే.

కరెంటు కోసం కాలనీవాళ్లు పెట్టిన అర్జీ ఆ బల్లా ఈ బల్లా తిరిగి, చివరికి మంజూరై వచ్చింది. అందులో కరెంటు అన్న మాట దగ్గర 'నిధులు లేవు' అనీ, వెలుతురు అన్న మాట దగ్గర 'సరే' అనీ రాశారు. రైఫిలుకు ఒక బ్యాటరీ లైటు చొప్పున ఇస్తారట. ఏ రకం కావాలో లబ్ధిదారులే వచ్చి స్వయంగా ఎంచుకోవాలట. ఇన్నేళ్లలో ప్రభుత్వం మీకేం కావాలి అని అడగడం కాలనీకి అదే మొదటిసారి. ఆడవాళ్లు తలంట్లు పోసుకుని బయల్దేరారు.

ఎంపిక శిబిరం కల్యాణ మండపంలో పెట్టారు. పగలే, కిటికీలకు గోనెపట్టాలు కట్టి చీకటి చేశారు. లైట్ల సెక్షను ఏఈ స్వరాజ్యలక్ష్మి మేడం బల్ల వెనక కూర్చుని ఒక్కో కుటుంబాన్నీ పిలుస్తోంది. విసుగన్నది లేని మనిషి. తిరుపాలమ్మ, మొగుడు నాసరయ్య, అంజని ముందుకు రాగానే కుర్చీలు వేయించింది.

"రెండు రకాలున్నాయమ్మా" అంది. "ఒకటి పరుపు వెలుగు. వాకిలంతా పరుచుకుంటుంది, కానీ పల్చన. రెండోది సూటి వెలుగు. ఒక్కచోటే పడుతుంది, పడ్డచోట పట్టపగలే. ఇంతకీ మీకు దేనికి కావాలి?"

"పిల్ల చదువుకి మేడం" అంది తిరుపాలమ్మ.

"పిల్లది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా?"

ఆ ప్రశ్నకి తిరుపాలమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంజనిది ఎడమ చెయ్యి. పదేళ్లు బడికి పోయినా ఏ మాస్టరూ ఈ మాట అడగలేదు, కొట్టి కుడి చేత్తో రాయించడం తప్ప. మేడం మాత్రం తల ఊపి, అలాగైతే లైటును గార్డుకి ఎడమ పక్కన బిగించాలి, ఎదురుగా కూర్చున్న పిల్లకి కుడి నుంచి పడుతుంది, రాసే చేతి నీడ అక్షరాల మీద పడదు, అని వివరంగా చెప్పింది. బరువు లైటైతే రైఫిలు గొట్టం ముందుకు వాలి గురి కిందికి జారుతుందనీ, అందుకని తేలికది ఇప్పిస్తాననీ కూడా అంది.

తర్వాత పరీక్ష. అంజనిని గోడ దగ్గర నిలబెట్టి చేతికి లెక్కల పుస్తకం ఇచ్చారు. పరుపు వెలుగు వేస్తే పిల్ల కళ్లు చికిలించి, పైన చిన్నగా వేసే అంకెలు రెండో మూడో తెలియట్లేదంది. సూటి వెలుగు వేయగానే పేజీ అడుగున అచ్చేసిన ప్రెస్సు పేరు దాకా గడగడా చదివేసింది. మండపంలో అందరూ మెచ్చుకున్నారు.

"సూటి వెలుగుతో ఒక్క సంగతుంది" అంది మేడం. "లైటు గొట్టానికి బిగించి ఉంటుంది కాబట్టి, వెలుగు ఎక్కడ పడితే గురి కూడా అక్కడే. పరుపు వెలుగైతే గురి మీ ద్వారబంధం మీదే ఉంచినా సరిపోతుంది. దీనికి మాత్రం పిల్ల మీదే ఉంచాలి. మీ కార్డులో గురి అన్నచోట ఇల్లు అని ఉంది, అక్కడ పిల్ల పేరు రాసుకోవాలి."

నాసరయ్య గనిలో రాయి చీల్చే మనిషి, మాట తక్కువ. "ఇంటి మీద ఉంటే సరే మేడం" అన్నాడు మెల్లగా. "పిల్ల మీదికెందుకు?"

"మరి ఇన్నాళ్లూ పిల్ల ఎక్కడుందండీ? ఇంట్లోనే కదా" అంది మేడం. వెటకారం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

నాసరయ్య కాసేపు ఆలోచించి, అవునన్నాడు.

తిరుపాలమ్మ లేచి నిలబడింది. కూతుర్ని ఒకసారి తన వెనక్కి లాక్కున్న మాట నిజం. ఆ వెంటనే ఫ్యాక్టరీలో బల్ల పక్కనున్న ఖాళీ చోటు కళ్లముందు కదిలింది. "మూడేళ్ల నుంచి ఊరికే గురిపెట్టి కూర్చున్నా ఏమనలేదు. ఇప్పుడు వెలుతురిస్తామంటే అడ్డం పడతామా" అని మొగుడితో అని, సూటి వెలుగే ఇప్పించమంది. గురి అన్న గడిలో అంజని తన పేరు తానే రాసుకుంది, ఎడమ చేత్తో, గుండ్రంగా. దస్తూరి బాగుందని మేడం మెచ్చుకుంది.

మీట మాత్రం ఒక్క రకమే ఉంది. నొక్కినంతసేపే వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. అది ట్రిగ్గరు పక్కనే ఉంటుంది కనుక గార్డు రైఫిలును పద్ధతిగా భుజానికి ఆనించి, వేళ్లు చోట్లో పెట్టుకుని కూర్చుంటేనే పిల్లకి వెలుగు. మాలకొండయ్య దానికీ వెనకాడలేదు. రోజూ దీపాలవేళకి అంజని వాకిట్లో పీట వేసుకుని గొట్టానికి ఎదురుగా కూర్చునేది. "పెదనాన్నా, వెయ్యండి" అనేది. వెలుగు వచ్చి ఒళ్లోని పుస్తకం మీద, మొహం మీద పడేది. తల ఎత్తితే కళ్లు చెదురుతాయి కాబట్టి పిల్ల తల ఎత్తేదే కాదు. అదీ మేలే అయింది. తల ఎత్తని పిల్లలకే మార్కులొస్తాయని హెడ్మాస్టరు ఎప్పుడూ చెప్పేదే.

మాలకొండయ్యకి వానాకాలం జలుబు. తుమ్ము వచ్చేలా ఉంటే ముందే చెప్పేవాడు: "పాపా, కాస్త పక్కకి జరుగు." అంజని జరిగేది. ఆయన తుమ్మేవాడు. మళ్లీ వచ్చి కూర్చునేది. ఇంత మర్యాద తెలిసిన మనిషి ఏ కాలనీకి దొరుకుతాడు. తిరుపాలమ్మ రోజూ మిరియాల కషాయం కాచి ఇచ్చి, నీ చెయ్యి చల్లగుండాలన్నా అని దండం పెట్టుకునేది. ఆ మాట ఆమె మనసులోంచే వచ్చేది.

దసరాకి ఆయుధపూజ చేశారు. కాలనీ ఆడవాళ్లంతా ఎవరి రైఫిలును వాళ్లు తుడిచి, పసుపు రాసి, బంతిపూలు కట్టారు. తిరుపాలమ్మ భక్తి కొద్దీ, ఆటోల ముందు లైట్లకి పెట్టినట్టే, రైఫిలు లైటు అద్దం మీద కూడా నడిమధ్యన ఇంత కుంకుమ బొట్టు అద్దింది. ఆ సాయంత్రం మీట నొక్కితే వెలుగు మధ్యలో గుండ్రటి నీడొకటి వచ్చి అంజని నొసటి మీద పడింది. సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట. తిరుపాలమ్మ నొచ్చుకుని తుడవబోతే మాలకొండయ్యే వారించాడు.

"ఉండనియ్యమ్మా. ముందు అంత వెలుగులో మధ్య ఏదో తెలిసేది కాదు. ఇప్పుడు తేలికైంది."

పిల్ల మొహం కూడా కళగా ఉందని ఎదురింటి కోటమ్మ అంది. కోటమ్మ వాళ్లు ఆనాడు తొందరపడి పరుపు వెలుగు తీసుకున్నారు. ఇప్పుడు లైటు మార్పించి గురి గడిలో పిల్ల పేరు రాయించుకోవాలని అర్జీ పెట్టుకుని తిరుగుతోంది. అది తేలేదాకా తన కూతుర్ని ఒక గంట ఆ నడిమధ్యన కూర్చోబెట్టుకోనిమ్మని బతిమాలితే తిరుపాలమ్మ ఒప్పుకోలేదు. ఎంతో పోరి రాయించుకున్న చోటు అది. పక్కన కూర్చోబెట్టుకో, అంచు వెలుగు వస్తుంది కదా, అంది. కోటమ్మ మాటలు మానేసింది.

అన్నీ బాగానే జరుగుతున్నాయనగా, లెక్కల పరీక్ష ముందురోజు మాలకొండయ్యను ఎక్కడికో బందోబస్తుకి పంపారు. ఆయన స్థానంలో ఏసోబు అనే కొత్త గార్డు వచ్చాడు. సన్నగా, భయం భయంగా ఉన్నాడు. అంజని పీట వేసుకుని, వెయ్యండి అంది. ఏసోబు గొట్టాన్ని పైకెత్తి ద్వారబంధం మీదికి తిప్పి మీట నొక్కాడు. గుమ్మం ధగధగలాడింది. పుస్తకం మీద మాత్రం చీకటి.

"పిల్ల మీదికయ్యా, పిల్ల మీదికి" అంది తిరుపాలమ్మ అరుగు దగ్గరికి పోయి.

"పెట్టలేనమ్మా" అన్నాడు ఏసోబు. "నాకూ కూతురుంది."

"ఉంటే నీకే తెలియాలి గదా. రేపు లెక్కల పరీక్ష."

"ఇది తుపాకమ్మా" అన్నాడు వాడు, ఆమెకి తెలియనట్టు.

వాకిట్లో జనం పోగయ్యారు. ఇన్ని నెలల కష్టం ఈ ఒక్క పూటలో బూడిదపాలయ్యేట్టుంది. తిరుపాలమ్మ కొంగు చాచింది. "అయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను. నా బిడ్డ మీద పెట్టు. ఈ ఒక్క పూట పెట్టు." ఏసోబు తల అడ్డంగా ఊపుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఇంత మనసు లేని మనిషిని ఎక్కడా చూడలేదని కోటమ్మ అంది. అప్పటిదాకా మాట్లాడని కోటమ్మ కూడా ఆ పూట తిరుపాలమ్మ పక్షాన నిలబడింది. కష్టమొస్తే కాలనీ అంతా ఒకటే.

నాసరయ్య సైకిలు వేసుకుని పోయి మేడానికి చెప్పాడు. పాపం ఆవిడ భోజనం మధ్యలో లేచి జీపులో వచ్చింది. కేకలు వేయలేదు. కార్డు తెప్పించి, గురి అన్న గడిలో పిల్ల పేరు చూపించి, పిల్ల తనే రాసుకుంది చూడు అంది. లబ్ధిదారుకి రావలసింది ఆపడం ఎంత తప్పో నెమ్మదిగా చెప్పి, అక్కడే మెమో రాసి చేతికిచ్చింది. ఏసోబు మెమో జేబులో పెట్టుకుని రైఫిలు భుజానికి ఆనించాడు. వెలుగు ద్వారబంధం మీది నుంచి దిగి, గోడ మీదుగా జారి, అంజని మీదికి వచ్చింది. కానీ నిలవలేదు. వాడి చేతులు గజగజ వణుకుతున్నాయి. నొసటి మీద బొట్టు నీడ చెంపకీ కంటికీ మధ్య తిరుగుతోంది, పుస్తకంలో అంకెలు ఎగురుతున్నాయి.

అంజని తల వంచుకునే ఉంది. "అన్నా, చెయ్యి కదపకుండా పట్టుకోండి" అంది. "కనపడట్లేదు."

వాడు ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. పిల్ల చదువుకుంది. మర్నాడు మాలకొండయ్య తిరిగొచ్చాడు. ఏసోబును ఉద్యోగానికి పనికిరాడని రాసి తీసేశారని తర్వాత తెలిసింది. కాలనీలో ఎవరూ అయ్యో అనలేదు.

అంజని పాసయింది. మామూలుగా కాదు, మండలంలో మొదటిది. లెక్కల్లో ఒక్క మార్కు పోయింది, అది ఏసోబు ఖాతాలో వేసుకున్నారు. కల్యాణ మండపంలో సన్మానం చేసి శాలువా కప్పితే, అంజని మైకు పట్టుకుని కమిషనరు గారికి, ఏఈ మేడానికి, మాలకొండయ్య పెదనాన్నకి కృతజ్ఞతలు చెప్పింది. మాలకొండయ్య గుడ్లనీళ్లు కుక్కుకున్నాడు. తిరుపాలమ్మ ఫ్యాక్టరీకి పోయి, బల్ల పక్క చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని మేస్త్రీకి చెప్పి వచ్చింది. ఆ రోజు ఆమెకి దగ్గు కూడా రాలేదు.

జిల్లా కేంద్రంలో పేరున్న జూనియరు కాలేజీ ఒకటి అంజనికి ఊరికే సీటిచ్చింది. హాస్టలూ వాళ్లదే. దింపడానికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. నాలుగో అంతస్తులో పొడుగాటి హాలు. వరసగా కుర్చీలు, బల్లలు. పైన బారులు తీరిన ట్యూబులైట్లు. ఎదురు గోడకి వరసగా రైఫిళ్లు, పిల్లకొకటి. వాటి వెనక అద్దం, అద్దం వెనక గార్డులు ఉంటారట, బయటికి కనపడరు. పిల్లలెవరూ తల ఎత్తి చూడలేదు.

తిరుపాలమ్మ వరసంతా చూసింది. గొట్టాల పక్కన ఏమీ బిగించి లేదు.

"లైటు యాడుంది సార్?" అని అడిగింది.

"లైటెందుకమ్మా" అని నవ్వాడు హాస్టలు ఇన్‌చార్జి. "మా దగ్గర కరెంటు పోయే ప్రసక్తే లేదు. పోయినా జనరేటరుంది. తెల్లవార్లూ ఇట్లానే వెలుగుతుంటాయి."

"మరి..." అంది తిరుపాలమ్మ. చెయ్యి రైఫిలు వైపు లేచి సగంలో ఆగింది. నాసరయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఇన్‌చార్జి ఓపిగ్గా ఆగాడు, మంచివాడే. వెనక తలుపు దగ్గర పెట్టెలు మోసుకొచ్చిన అమ్మానాన్నలు బారులు తీరి ఉన్నారు. ఈ చోటు వద్దంటే తీసుకునేవాళ్లు వందమంది.

"ఏం లేదు సార్" అంది. "మీ మేలు మర్చిపోం."

అంజని అప్పటికే తన బల్ల వెతుక్కుంది. కుర్చీ ఇటు కాస్త జరిపి, అటు కాస్త జరిపి, గొట్టానికి సూటిగా వచ్చేట్టు సర్దుకుంది. పుస్తకం తెరిచి తల వంచింది. దగ్గరికి పోయి చూస్తే, ఆ తెల్లటి వెలుతురులో పిల్ల నొసలు బోసిగా కనపడింది తిరుపాలమ్మకి. ఆ నీడకి కళ్లు అంతగా అలవాటు పడిపోయాయి. కొంగుముడి విప్పి, గుళ్లో ఇచ్చిన కుంకుమ పొట్లం తీసి, వేలితో అద్ది, కూతురి నొసటి నడిమధ్యన గుండ్రంగా దిద్దింది.

"ఇప్పుడదెందుకే?" అన్నాడు నాసరయ్య.

"కొత్తోళ్లు గదయ్యా" అంది తిరుపాలమ్మ. "వెతుక్కునే పని లేకుండా."